అలుగు దగ్గర నేర్చుకున్న ఇంగ్లీషు

మా నాన్నగారు పి.డబ్ల్యు.డి.లో సూపర్‌వైజరుగా పనిచేసే రోజుల్లో మేము గిద్దలూరు ప్రాంతంలోని ఒక చిన్న ఊళ్లో అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. 1970ల మొదట్లో, నేను నాలుగో తరగతి చదువుతున్నప్పుడు, కార్తీకమాసంలో మూడు రోజులు ఆగకుండా ముసురు పట్టింది. మూడో రోజు తెల్లవారుజామున, చెరువు నీళ్లు పొలాలకు వదిలే నీరుగంటి తాత గోనెపట్టా కప్పుకొని వచ్చి, తలుపు తట్టి, "సారూ, చెరువు అలుగు పారతా ఉండాది" అని చెప్పాడు. పక్క మీద నిద్రకళ్లతో కూర్చున్న నాకు ఆ మాటలో "అలుగు" ఒక్కటే వినపడింది. చెరువుకు ఎవరి మీద కోపం వచ్చిందో, అందుకే అలిగి ఎక్కడికో వెళ్లిపోతున్నదని అనుకున్నాను. నాన్నగారితో ఆ మాట అంటే ఆయన నన్ను కోప్పడలేదు, ఇంట్లో కూర్చోమనీ అనలేదు. తల మీద తువ్వాలు కప్పి, సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకొని చెరువుకట్ట మీదికి తీసుకువెళ్లారు.

అంతవరకూ చెరువంటే నాకు గుడ్డలు ఉతికే చోటు, గేదెలు మునిగే చోటు. ఆ రోజు కట్ట చివర రాతితో కట్టిన అలుగు మీదుగా నీళ్లు పలచని తెరలా జారి, కింద రాళ్ల మీద పడి తెల్లగా విరిగిపోవడం చూశాను. అలుగు తల మీద, జానెడు జానెడు ఎడంతో పాతిన రాళ్లు పళ్ల వరుసలా నిలబడి ఉన్నాయి. ఇంటికి వచ్చాక నాన్నగారు ట్రేసింగు గుడ్డ మీద గీసిన చెరువు పటం తెరిచి, కట్టకు ఒక కొసన నీలిసిరాతో రాసి ఉన్న రెండు ఇంగ్లీషు మాటల మీద వేలు పెట్టారు. "సర్‌ప్లస్ వియర్. మన అలుగే ఇది. సర్‌ప్లస్ అంటే మిగులు" అని చెప్పారు. నేను నేర్చుకున్న మొదటి పెద్ద ఇంగ్లీషు మాట అదే. పాత మద్రాసు రాష్ట్రపు రికార్డుల్లో దాన్నే "కలింగ్యులా" అని రాసేవారట. తమిళుల కలింగల్ దొరల నోట పడి అలా మారిందని, ఆ మాటను చాలాసార్లు పలికించి నన్ను నవ్వించారు.

మిగులు అంటే నాకు అప్పటికి తెలిసింది రాత్రి మిగిలిన అన్నమే. చెరువులో నీళ్లు ఎప్పుడు మిగిలినట్టు అని అడిగాను. దానికి ఆయన చెప్పిన జవాబును ఈ యాభై ఏళ్లలో ఇంగ్లీషు చదువుతూనూ, ఆ తరవాత జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెబుతూనూ ఎన్నిసార్లు తలచుకున్నానో లెక్క లేదు. "అలుగు తల ఎక్కడుంటే చెరువు నిండటం అక్కడ. దాన్ని ఫుల్ ట్యాంక్ లెవెల్ అంటాం. ఆ మట్టానికి వేలెడు పైన ఉన్న నీళ్లే మిగులు. అదే అలుగును జానెడు ఎత్తు కట్టి ఉంటే ఇవాళ్టి మిగులు రేపటి తడి అయ్యేది" అన్నారు. ఆయకట్టు రైతులు అలుగు రాళ్ల సందుల్లో చెక్కలు, మట్టి, గడ్డి దూర్చి ఇంకొంచెం నీరు నిలబెట్టాలని చూసేవారనీ, పై వైపు చెరువు శిఖంలో, అంటే చెరువు నిండితే మునిగే నేలలో, జొన్న వేసుకున్నవాళ్లు తమ చేను మునిగిపోతుందని రాత్రికి రాత్రి ఆ మట్టిని లాగేసేవారనీ, ఆ తగాదాలు తీర్చలేకే తనకు సగం జుట్టు నెరిసిందనీ ఆయన మా అమ్మతో చెప్పుకోవడం తరవాత చాలాసార్లు విన్నాను. ఒకే నీరు కట్టకింద రైతుకు తక్కువగానూ, శిఖంలో రైతుకు ఎక్కువగానూ ఉండేది.

నేను హైస్కూలుకు వచ్చాక నాన్నగారి దగ్గర ఇంగ్లీషు మాటలు నేర్చుకోవడం అలవాటుగా మారింది. ఆయనకు సాహిత్యం తెలియదు. ఆయన ఇంగ్లీషంతా ఎస్టిమేట్లలో, అగ్రిమెంట్లలో, కొలతలు రాసే ఎం.బుక్కులో ఉండేది. ఆ పుస్తకంలో ఒక్క పేజీ చించకూడదు, అంకె దిద్దితే పక్కన పొడి సంతకం పెట్టాలి. అందుకే కాబోలు ఆయన మాటను కూడా అంకెలాగే చూసేవారు. ఒక రాత్రి లాంతరు దగ్గర కూర్చొని కాంట్రాక్టరు బిల్లు తయారు చేస్తూ నన్ను పిలిచి, "ఎక్సెస్ వేరు, ఎక్స్‌ట్రా వేరు, చూడు" అన్నారు. కట్టకు వంద ఘనపు మీటర్ల రాతి రివిట్‌మెంటు, అంటే కట్ట వాలుకు రాళ్లు పరిచే పని, చేయాలని ఒప్పందంలో ఉండి, తీరా కొలిస్తే నూటపన్నెండు తేలితే ఆ పన్నెండూ ఎక్సెస్. పునాది తవ్వుతుంటే అనుకోకుండా ఊట తగిలి, ఒప్పందంలో ఎక్కడా లేని నీళ్లు తోడే పని చేయవలసి వస్తే అది ఎక్స్‌ట్రా ఐటం. ఒప్పుకున్న పని హద్దు దాటితే ఎక్సెస్, ఒప్పందానికే బయటి పని అయితే ఎక్స్‌ట్రా. ఆ తరవాత ఎన్నో ఏళ్లకు లాటిన్‌లో ఆ మొదటి మాటకు "దాటిపోవడం" అనీ, రెండో మాటకు "బయట" అనీ అర్థమని చదివినప్పుడు, ఒక డిప్లొమా చదివిన సూపర్‌వైజరు లాంతరు వెలుగులో చెప్పిన అర్థానికి అందులో ఒక్క వెంట్రుక వాసి కూడా తేడా లేదని గమనించి ఒళ్లు పులకరించింది.

అన్ని మాటలూ అంత తేలికగా లొంగలేదు. తొమ్మిదో తరగతిలో నేను రాసిన వ్యాసంలో మా ఇంగ్లీషు మాస్టారు సగం విశేషణాలను ఎర్రసిరాతో కొట్టేసి, పక్కన "సూపర్‌ఫ్లుయస్" అని రాశారు. ఏడుపు ముఖంతో నాన్నగారికి చూపిస్తే, అది అక్కరలేని మాటను అనే మాట అని చెప్పారు. ఆ సంవత్సరమే మా నాయనమ్మకు జబ్బు చేసింది. విజయవాడలో ఉన్న మా అత్తయ్యకు తంతి ఇవ్వడానికి నాన్నగారు పోస్టాఫీసుకు వెళుతూ నన్ను కూడా తీసుకువెళ్లారు. ఫారం మీద "మదర్ సీరియస్ స్టార్ట్ ఇమీడియట్లీ" అని రాశారు. తంతికి మాటకింత అని లెక్క, చిరునామాలోని మాటలు కూడా లెక్కలోకే వచ్చేవి. పోస్టుమాస్టరు గారు పెన్సిలు కొసతో ఒక్కొక్క మాటనూ తాకుతూ లెక్కపెడుతుంటే నాన్నగారు ఆగమని, కలం తీసి చివరి మాటను కొట్టేశారు. తల్లికి ప్రాణం మీదికి వచ్చిందని, బయలుదేరమని చెప్పాక వెంటనే రమ్మని వేరే చెప్పాలా? నాకు ఆ మాట ఎందుకు కొట్టేశారో అర్థమైంది, నా వ్యాసంలో ఎర్రగీతలు కూడా అప్పుడే అర్థమయ్యాయి. అయితే ఆయన ఫారాన్ని కిటికీలోంచి లోపలికి ఇవ్వలేదు. కాసేపు దాన్ని అలాగే పట్టుకొని నిలబడి, కొట్టేసిన మాట పక్కనే అదే మాటను మళ్లీ స్పష్టంగా రాసి, దాని డబ్బు కూడా కట్టి బయటికి వచ్చారు. దారిలో ఏమీ మాట్లాడలేదు. మన దేశంలో తంతి సేవను 2013 జులైలో ఆపేశారన్న వార్త చదివిన రోజున నాకు ఆ ఫారం మీద కొట్టివేత, దాని పక్కన మళ్లీ రాసిన ఆ మాట కళ్ల ముందు మెదిలాయి.

తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివేటప్పుడు లైబ్రరీలో ఒక పెద్ద నిఘంటువు ఉండేది. రెండు చేతులతో ఎత్తి బల్ల మీద పెట్టుకోవలసినంత బరువు. చిన్నప్పటి మాటలన్నింటినీ ఒక్కొక్కటిగా అందులో వెతకడం మొదలుపెట్టాను. సూపర్‌ఫ్లుయస్ అంటే "పైనుంచి పారడం" అని ఉంది. లాటిన్‌లో "ఫ్లుయెరె" అంటే పారడం. అంటే అచ్చంగా అలుగు పారడమే! ఇంక ఆగలేక ఆ సాయంత్రమే నాన్నగారికి ఇన్లాండ్ లెటర్ రాశాను. ఆయన జవాబులో మా ఊరి వానల గురించి, అమ్మ మోకాలినొప్పి గురించి రాసి, చివర "ఆ దేశంలో కూడా అలుగు చూసినవాడే ఆ మాట కట్టి ఉంటాడు" అని ఒక వాక్యం చేర్చారు.

ఆ రోజుల్లోనే ఇంగ్లండులో ఒక యంత్రాల కర్మాగారంలో పనిచేస్తున్న మా చిన్నాన్న దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. తనను "రెడండెంట్" చేశారని రాశాడు. ఆ మాట మా ఇంట్లో ఎవరికీ ఆ అర్థంలో తెలియదు. చిన్నాన్నకు ఏదో బిరుదు వచ్చిందేమోనని అమ్మ ఆశగా అడిగింది. ఉద్యోగం పోయిందని నాన్నగారు చెప్పగానే వంటింట్లోకి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదట. బ్రిటన్‌లో పని తగ్గి మనుషులను తీసేస్తే దానికి అదే చట్టబద్ధమైన మాట. అలా తీసేసినవారికి వయసును, చేసిన సర్వీసును, వారం జీతాన్ని బట్టి పరిహారం ఇవ్వాలని 1965లో ఒక చట్టమే తెచ్చారు. చిన్నాన్నకు కూడా అంతో ఇంతో ముట్టింది. డబ్బు సంగతి ఎలా ఉన్నా, పదహారేళ్లు ఒకే యంత్రం దగ్గర నిలబడ్డ మనిషిని "అవసరానికి మించినవాడు" అని కాగితం మీద రాసి ఇవ్వడం నాన్నగారికి మింగుడు పడలేదు.

నేను ఆ మాటను కూడా నిఘంటువులో చూశాను. దాని లోపల "ఉండా" అనే లాటిన్ మాట ఉంది, అల అని అర్థం. నీరు నిండి, అల వెనక్కి లేచి గట్టు దాటడమే రెడండెంట్. ఇది కూడా నీళ్ల మాటే. ఆ సంగతి రాసినప్పుడు నాన్నగారు పంపిన ఉత్తరాన్ని నేను ఇప్పటికీ దాచుకున్నాను. మామూలుగా నాలుగు వాక్యాలతో ముగించే మనిషి మూడు మడతలూ నింపి రాశారు. చెరువు కట్టను నీటిమట్టం దాకా కట్టి ఆపెయ్యరనీ, ఎంత వరద వచ్చినా నీరు చేరగల గరిష్ఠ మట్టానికి పైన కూడా కొన్ని అడుగులు ఎత్తు పోస్తారనీ, దాని పేరు ఫ్రీబోర్డు అనీ, ఆ ఎత్తులో ఎన్నడూ నీరు నిలవదు కనుక చూసేవాడికి అది దండగ మట్టిలా కనిపిస్తుందనీ రాశారు. "గాలికి లేచే అలలు కట్ట దాటకుండా ఆపేది ఆ మట్టే. అలల కోసమే అది. తమ్ముడికి ఈ మాట రాద్దామని కూర్చున్నాను కానీ ఎలా రాయాలో తెలియక నీకు రాస్తున్నాను" అని ఉంది అందులో. విమానాల్లోనూ, కంప్యూటర్లలోనూ ఒకటి చెడితే ఇంకొకటి పనిచేసేలా జంటగా అమర్చే ఏర్పాటును రెడండెన్సీ అనే గౌరవంగా పిలుస్తారని నేను తరవాత తెలుసుకున్నాను. యంత్రం విషయంలో మెప్పుగా వాడే మాట మనిషి విషయంలో ఎందుకు అంత చలిగా తగులుతుందో నా విద్యార్థులకు చెప్పేటప్పుడల్లా చిన్నాన్న ఉత్తరం గుర్తుకు వచ్చి గొంతు కొంచెం పట్టేసేది.

మా అమ్మకు ఇంగ్లీషు రాదు. "మిక్కిలి" సంగతి మాత్రం ఆమెకు మా అందరికన్నా బాగా తెలుసు. ఒక సంక్రాంతికి పొయ్యి ముందు కూర్చొని నాలుగు శేర్ల బియ్యప్పిండితో అరిసెలు వండి, డబ్బాల నిండా పెట్టి, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి పెట్టిందే పెట్టింది. కనుమ నాటికి మా తమ్ముడు అరిసె కనపడితే ముఖం తిప్పుకునేవాడు. "మొహం మొత్తిందిరా నీకు" అని అమ్మ నవ్వేది. ఎం.ఏ. తరగతిలో మా లెక్చరరు గారు, అతిగా తిని వెగటు పుట్టడాన్ని చెప్పే "సర్ఫిట్" అన్న మాట చెబుతూ, 1135లో ఇంగ్లండు రాజు మొదటి హెన్రీ వైద్యుడు వద్దన్నా వినకుండా పాములాంటి లాంప్రే చేపలు అతిగా తిని చనిపోయాడని నాటి చరిత్రకారుడు రాసిన కథ చెప్పినప్పుడు, తరగతి అంతా రాజుగారి గురించి ఆలోచిస్తుంటే నేను మా తమ్ముడి ముఖాన్ని తలచుకున్నాను. ఇంగ్లీషులో అది ఒక నామవాచకం. మన దగ్గర ముఖమే మొత్తుతుంది. ఈ ఒక్కచోట మన మాటే బలమైనదని నాకు గట్టి నమ్మకం.

సరుకు అవసరానికి మించి బజారులో వచ్చి పడటాన్ని చెప్పే "గ్లట్" అన్న మాట నాకు ఎప్పుడూ నచ్చలేదు. దాని మూలం మింగడమట. పత్తికొండ వైపు, మదనపల్లె వైపు టమాటా ధర పడిపోయి రైతులు బుట్టలకు బుట్టలు రోడ్డు పక్కన పారబోసినప్పుడల్లా ఇంగ్లీషు పత్రికలు ఆ మాటే వేస్తాయి. కోతకూలి కూడా గిట్టని ఆ రైతు మింగింది ఏమిటో ఆ మాట చెప్పదు.

నాన్నగారి ఉద్యోగం చివరి రెండేళ్ల గురించి రాయాలా వద్దా అని ఎంతో ఆలోచించాను. సీనియారిటీ జాబితాలో జరిగిన ఒక తప్పు వల్ల ఆయనకు రావలసిన పదోన్నతి ఆలస్యమై, తీరా వచ్చేసరికి ఖాళీ లేక, ఒక కార్యాలయంలో ఆయన కోసం "సూపర్‌న్యూమరరీ" పోస్టు సృష్టించారు. జీతం పెరిగింది. కుర్చీ, బల్ల మాత్రం లేవు. డ్రాయింగు గదిలో పటాల బీరువా పక్కన ఒక స్టూలు వేసుకొని కూర్చునేవారు. ఆయన అడగకపోయినా ఆ మాటకు అర్థం నేనే చెప్పాను. "లెక్కకు పైన" అని. అప్పటికి నాకు పెళ్లయి, ఉద్యోగం వచ్చి, మాటల అర్థాలు చెప్పడం ఒక గొప్పగా ఉండేది. ఆయన తలూపి, "లెక్కలోనే ఉన్నానమ్మా, పైన" అన్నారు. ఆ రోజు ఆ అర్థం చెప్పకుండా ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది.

కొన్నేళ్ల క్రితం అమెరికాలో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు వాడు హ్యూస్టన్ నుంచి కారులో న్యూ ఆర్లియన్స్ తీసుకువెళ్లాడు. ఒక మిఠాయి కొట్టులో తూకం అయిపోయాక కొట్టు ఆమె ఇంకొక పెకాన్ బిళ్ల తీసి సంచిలో వేసి, "లాన్యాప్" అంది. అడిగి తెలుసుకుంటే, కొన్నవాడికి ఊరికే ఇచ్చే పిసరు అదనానికి లూసియానాలో అదే పేరు. దక్షిణ అమెరికాలోని కెచువా భాషలో "చేర్చడం" అన్న మాట స్పానిషులోకి, అక్కడి నుంచి ఆ ఊరి ఫ్రెంచిలోకి, దానిలోంచి ఇంగ్లీషులోకి వచ్చిందట. నాకు మా గిద్దలూరు ఇంటి గుమ్మం, కూరల గంప దించుకున్న అవ్వ, త్రాసు ముల్లు సరిపోయాక కూడా చెంగు పట్టి అలాగే నిలబడ్డ మా అమ్మ కనిపించారు. అవ్వ విసుక్కుంటూనే పిడికెడు కొత్తిమీర, రెండు పచ్చిమిరపకాయలు చెంగులో వేసేది. "ఇది కొసరు" అని నేను మా అబ్బాయికి తెలుగులో చెప్పాను. వాడు ఆ మాట మొదటిసారి విన్నాడు. అవసరానికి మించినదాన్ని చెప్పే ఇన్ని మాటలలో ఒక్కటైనా ప్రేమతో ఇచ్చినదానికి పేరై ఉన్నందుకు, అది మన ఊళ్లోనూ ఉన్నందుకు, నాకు ఎంతో సంతోషం కలిగింది.

నాన్నగారు పోయిన నాలుగో ఏట, మంచి వానలు పడిన ఒక కార్తీకంలో, ఆ ఊళ్లో ఉంటున్న మా నీరుగంటి తాత మనవడు ఫోన్ చేసి, "అక్కా, మన చెరువు అలుగు పారతా ఉండాది, చూస్తావా" అని అడిగాడు. నేను ఒంగోలు నుంచి ఉదయం బస్సుకే బయలుదేరాను. కట్ట మీద ముళ్లకంప పెరిగింది, అలుగు రాళ్లలో నాలుగైదు విరిగిపోయాయి, మిగిలినవి మాత్రం అలాగే ఉన్నాయి. ఊరి ఆడవాళ్లు గంగమ్మకు పసుపు, కుంకుమ, రవికెగుడ్డ నీళ్లలో వదిలి కొబ్బరికాయలు కొడుతున్నారు. కింద, నీరు విరిగిపడే చోట, చొక్కాలు విప్పిన పిల్లలు ఎదురెక్కే చేపలను పాత చీరతో పడుతున్నారు.

నీళ్లు ఎక్కడికి పోతున్నాయని ఆ మనవణ్ని అడిగాను. చిన్నప్పుడు నాన్నగారిని కూడా అదే అడిగిన గుర్తు. అతను వాగు వంపు వైపు చెయ్యి చూపి, "కింద ఊరి చెరువుకక్కా. వాళ్లది సగం కూడా నిండలా. పొద్దుటి నుంచి కట్ట మీదే కూచోని ఉండారు, మన నీళ్ల కోసరం" అన్నాడు.